ఒక్క తీగ మీద పట్టేంత శాస్త్రం చాలు

కొత్తగా గిటార్ పట్టినవారికి సంగీతశాస్త్రం ఎంత కావాలన్న ప్రశ్నకు మన దగ్గర రెండు సమాధానాలే చలామణిలో ఉన్నాయి. గ్రేడ్ పరీక్షల దారిలో వెళ్లేవారు స్టాఫ్ నొటేషన్‌తో, అంటే ఐదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య లిపితో, మొదలుపెట్టమంటారు. వీడియోలు చూసి నేర్చుకున్నవారు అసలు శాస్త్రమే వద్దంటారు. రెండూ తప్పే. మొదటి ఏడాదికి కావలసింది ఒక్క తీగ మీద పట్టేంత శాస్త్రమే, అయితే ఆ కాస్తా నేర్వకుండా దాటవేయడానికి వీల్లేదు.

ఏ తీగనైనా నొక్కకుండా మీటి, ఆ ధ్వనిని షడ్జమం అనుకోండి. తర్వాత 2, 4, 5, 7, 9, 11, 12 ఫ్రెట్లను (గిటార్ మెడ మీది మెట్లను) వరుసగా నొక్కి మీటితే రి, గ, మ, ప, ద, ని, పై షడ్జమం పలుకుతాయి. పాశ్చాత్యుల మేజర్ స్కేల్‌వీ, మన శంకరాభరణానివీ ఈ స్వరస్థానాలే. రాగమంటే స్కేల్ ఒక్కటే కాదని, స్వరాన్ని ఊపే గమకమూ, స్వరాలు నడిచే తీరైన సంచారమూ కలిస్తేనే రాగమని విద్వాంసులు అంటారు; ఆ మాట నిజమే కానీ, ఆ తేడా మొదటి ఏడాదిలో అడ్డురాదు. ఈ వరుసలోని స, గ, ప కలిసి మోగితే మేజర్ కార్డ్. ఇ (E) మేజర్ కార్డ్ పట్టి, సన్నని తీగ నుంచి లెక్కిస్తే మూడో తీగ మొదటి ఫ్రెట్ మీదున్న చూపుడువేలిని మాత్రం ఎత్తి చూడండి: గ ఒక్క ఫ్రెట్ కిందికి దిగి, అంటే అంతర గాంధారం సాధారణ గాంధారమై, కార్డ్ ఇ మైనర్ అవుతుంది. అంతవరకూ వెలుగుతున్న ధ్వని ఒక్క వేలు లేచేసరికి దిగులు పడడం చెవితో విన్నవారికి మైనర్ అంటే ఏమిటో వేరే నిర్వచనం అక్కర్లేదు. ఇది తెలియనివారు వేళ్ల ఆకారాలను బట్టీ పట్టి, గాయని శృతి మార్చమన్న క్షణాన చేతులెత్తేస్తారు.

బీటిల్స్ బృందంలోని పాల్ మెక్‌కార్ట్నీకి నొటేషన్ చదవడం రాదు కదా అని కొందరు వాదిస్తారు. నిజమే, ఆ సంగతి ఆయనే చెప్పుకున్నారు. కానీ అక్షరాలు రాని పల్లె గాయకుడికి తెలుగు రాదనగలమా? ఆయనకు రానిది లిపి మాత్రమే. స్వరాల మధ్య సంబంధం ఆయన చెవికి ఎప్పుడో తెలుసు.

నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి. సరిగమలతో పెరిగిన పిల్లలకు కూడా మనం ఈ విద్యను పరాయి భాషలో, మొదటి మెట్టు నుంచి మళ్లీ చెప్పిస్తున్నాం. గణితాన్నీ విజ్ఞానాన్నీ ఇంటి భాషకు దూరం చేసిన అలవాటే ఇక్కడా పనిచేస్తోంది. సోలో కోసం అందరూ మొదట సాధన చేసే మైనర్ పెంటాటోనిక్ అనే ఐదు స్వరాల వరుసే మన శుద్ధ ధన్యాసి రాగ స్వరాలని చెప్పే గురువులు ఎందరు? పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించి చూపిన తర్వాత కూడా వాయిద్యం పరాయిదన్న సాకు చెల్లదు.

సరళీ స్వరాలు వచ్చిన పిల్ల చేతికి గిటార్ ఇవ్వండి. శంకరాభరణం వరుసలో రిషభాన్ని 2 నుంచి 1కి, ధైవతాన్ని 9 నుంచి 8కి, ఒక్కొక్క ఫ్రెట్ వెనక్కి జరపమనండి. తీగ మీద, సరళీ స్వరాలు నేర్పే రాగమైన మాయామాళవగౌళ స్వరాలు పలుకుతాయి. మిగిలిన పాఠం ఆ పిల్లకు ముందే నోటికి వచ్చు.