షాకులు ఉచితం, అబ్జార్బర్లు అదనం

బ్రిటన్‌లో కారు వెనక కట్టి లాగే టూరింగ్ కారవాన్, అంటే చక్రాల మీది చిన్న ఇల్లు, కొనబోయేవాళ్లు ముందు బ్రోచరు చూస్తారు. మొదట దిండు గలీబుల రంగులు. తర్వాత పడక పక్కన ఫోన్ ఛార్జింగుకి సాకెట్టు, ఆకాశం కనబడే పైకప్పు కిటికీ, వైన్ గ్లాసులు తగిలించే కొక్కేలు. కొన్ని మోడళ్లలో చివరికెక్కడో, అదనపు ధర చెల్లిస్తే ఇచ్చే సామాన్లలో, స్టెప్పు మీద పరిచే పట్టా పక్కన కనబడతాయి: షాక్ అబ్జార్బర్లు.

ఈ వరసని తప్పుపట్టే సాహసం ఎవరికుంది? టన్నున్నర బండి చక్రాలు రోడ్డుని అంటిపెట్టుకుని ఉండటం ఒక అభిరుచి. కొందరికి ఇష్టం, కొందరికి ఉండదు. గలీబు రంగు అలా కాదు కదా, అది అవసరం.

డీలరుని అడిగితే ఓపిగ్గా వివరిస్తాడు: ‘రబ్బరు సస్పెన్షనండీ, కుదుపుని అదే మింగేస్తుంది.’ నిజమే, సగం. ఆల్కో కంపెనీ తరహా యాక్సిల్, అంటే ఇరుసు, ఒక ఆరు పలకల గొట్టం. లోపల మూడు రబ్బరు కడ్డీలుంటాయి. చక్రం లేచినప్పుడు అవి నలిగి బరువు మోస్తాయి, అందుకున్న శక్తిలో కొంత వేడిగా పోగొడతాయి. మిగతాది తిరిగి చక్రం మీదికి తోస్తాయి. డీలరు చెప్పనిది ఆ మిగతా భాగమే. దాన్ని నూనెలో అణిచేయడమే షాక్ అబ్జార్బరు పని. పైగా ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడి కుంగిపోతుంది. అప్పుడు కడ్డీలు మార్చడం కుదరదు, యాక్సిలే మార్చుకోవాలి.

మన పల్లెల్లో చెరకు మోసే ట్రాక్టరు ట్రక్కుకి కూడా అబ్జార్బర్లుండవుగా అనొచ్చు. ఉండవు. దాన్ని మోటార్‌వే మీద 60 మైళ్ల వేగంతో ఎవరూ లాగరు, దాంట్లో మైక్రోవేవూ ఉండదు.

మైక్రోవేవ్ అంటే గుర్తొచ్చింది. కారవాన్ కదులుతుండగా లోపల మనుషులు ఉండకూడదని బ్రిటిష్ చట్టం. మహా దయగల చట్టం, ఎందుకంటే లోపల జరిగేది చూడతగ్గది కాదు. వేల్స్ కొండదారిలో మొదటి గుంతకే చెంచాల సొరుగు సభ ప్రారంభిస్తుంది. రెండో గుంతకి మైక్రోవేవులో గాజుపళ్లెం లేచి ఉపన్యాసం అందుకుంటుంది. మూడోదానికి ఫ్రిజ్ తలుపు గడియ రాజీనామా చేస్తుంది, గుడ్లు సభావేదిక దిగి నేల మీదికి వస్తాయి. పాలు వాటి వెంట నడుస్తాయి. టీవీ బ్రాకెట్ స్క్రూ, గంటసేపు అటూ ఇటూ ఊగి, కాసింత చెక్కపొడితో సహా బయటికొచ్చి పడుతుంది. సాయంత్రం క్యాంప్‌సైటులో తలుపు తీసిన యజమాని అవాక్కై, భార్య సర్దడం సరిగ్గా లేదని తేలుస్తాడు. ఆవిడ, నీ డ్రైవింగే అంత అంటుంది. కింద, ఉండాల్సిన చోట లేని రెండు అబ్జార్బర్లని ఎవరూ తలుచుకోరు.

గుడ్లు తుడిస్తే పోతాయి. అతుకుల సంగతి అలా కాదు. ప్రతి కుదుపుకీ ఆనింగ్ (పక్కన వేసుకునే గుడ్డ పందిరి) తగిలించే పట్టీ వెనక సీలెంటు కాస్త కాస్త విడుతుంది. ఆ సందులోంచి వాన దిగుతుంది. రెండు చలికాలాలు పోయాక సర్వీసువాడు తేమ మీటరు గోడకి ఆనిస్తాడు. 15 శాతం లోపుంటే బతికిపోయినట్టు, 20 దాటితే జేబు సంగతి చూసుకోవాలి. పైన పటారం, లోన లొటారం అని మనవాళ్లు ఊరికే అన్నారా!

ఇంతవరకూ నవ్వుకున్నాం, చాలు. 60 మైళ్లంటే సెకనుకి దాదాపు 27 మీటర్లు. గుంత దాటి చక్రం గాల్లో ఉన్న క్షణాన మీరు బ్రేకు తొక్కారనుకోండి. కారవాన్‌ది ఓవర్‌రన్ బ్రేకు: బండి కారుని వెనకనుంచి నెట్టినప్పుడు కొక్కెం దగ్గరి షాఫ్టు లోపలికి జరిగి, బ్రేకు కడ్డీని లాగి కారవాన్ బ్రేకులు పట్టిస్తుంది. దానికి ఏబీఎస్, అంటే చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు, లేదు. గాల్లోని చక్రం బిగుసుకుపోతుంది, అలాగే నేలకి దిగి గీరుకుంటుంది. బండి ముక్కు పైకీ కిందికీ ఊగి కారు వెనక బండి తగిలించే గుండు, అదే టో బాల్, మీద బరువు మారుతూ ఉంటే, కారు వెనక చక్రాలు ఒకసారి నలుగుతాయి, ఒకసారి తేలుతాయి. ఆ వెనక సీట్లోనే పిల్లలుంటారు! చక్రాన్ని నేలకి అంటిపెట్టి ఉంచే అబ్జార్బర్లు రెండు మూడు వందల పౌండ్లలోపు సామాను. వేల పౌండ్ల బండి అమ్ముతూ ఆ కాస్త మిగుల్చుకుని, పైకప్పు కిటికీకి ఖర్చుపెట్టినవాడిది వ్యాపారం కాదు, సిగ్గులేనితనం.

జర్మనీ ఈ విషయంలో మొహమాటపడలేదు. అక్కడ ట్రైలరుకి మామూలు పరిమితి గంటకి 80 కిలోమీటర్లు. 100కి వెళ్లాలంటే, బ్రేకులూ హైడ్రాలిక్ అబ్జార్బర్లూ ఉన్న కారవాన్ బరువు కారు ఖాళీ బరువులో 0.8 వంతు దాకా ఉండొచ్చు, బండి ఊగకుండా కొక్కెం దగ్గర పట్టి ఉంచే స్టెబిలైజరు కూడా ఉంటే కారంత. అబ్జార్బర్లు లేకపోతే 0.3 వంతే. 1600 కిలోల కారుకి 1280 కిలోల బండి ఎక్కడ, 480 కిలోలదెక్కడ! టైర్లకి ఆరేళ్లు నిండకూడదన్న షరతు కూడా ఉంది.

సొంతంగా బిగించుకునే వీరులకి కొన్ని మాటలు. ముందు యాక్సిల్ ప్లేటు మీది సామర్థ్యం చదివి, దానికి సరిపడే కిట్టే కొనండి. చక్రాన్ని యాక్సిల్‌కి కలిపే స్వింగ్ ఆర్మ్ మీద బ్రాకెట్టు, చాసిస్‌లో ఫ్యాక్టరీ రంధ్రం ఉన్నాయో లేవో పడుకుని చూడండి. లేకపోతే డ్రిల్లూ వెల్డింగూ ముట్టుకోవద్దు. యాక్సిల్ గొట్టం కింద జాకీ పెట్టొద్దు, నిలిపినప్పుడు ఆనిక కోసం దించే మూలల కాళ్లతో బండి ఎత్తొద్దు. లాక్ నట్లు కొత్తవి వాడండి. రబ్బరు బుష్ బోల్టులు చక్రాల మీద బరువు దిగాకే, కిట్టు కాగితంలో రాసిన టార్కుకి బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలి తిరిగి తొందరగా చిరుగుతుంది. అబ్జార్బరు గొట్టం మీద నూనె తడి కనబడితే రెండో వైపుది కూడా కలిపి మార్చండి.

ఇక అబ్జార్బర్లు బిగించాం కదా అని వెనక రెండు సైకిళ్లు, నీళ్ల డబ్బాలు ఎక్కించే మహానుభావులున్నారు. వీళ్ల బండి పాములా ఊగితే అబ్జార్బరు ఆపదు. బరువులు కింద, యాక్సిల్ దగ్గర ఉండాలి. ముక్కు బరువు, అంటే టో బాల్ మీద పడే బరువు, బండి మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలి, అదీ టో బార్ పరిమితి దాటకుండా.

ఈసారి డీలరు ‘మీకు వాటి అవసరం లేదండీ’ అంటే వాదించకండి. అదే మాట కంపెనీ కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇమ్మనండి.