తాకట్టులో ఒళ్లు: ‘చైన్సా మ్యాన్’లో అసలు భయం ఎక్కడుంది?

కథ మొదలవగానే ఒక పద్దు వినిపిస్తుంది. చెట్లు కొడితే నెలకు 60 వేల యెన్లు. మొన్న కిడ్నీ అమ్మితే 12 లక్షలు వచ్చాయి. కుడి కన్నుకు 3 లక్షలు. ఒక వృషణానికి లక్ష కూడా రాలేదు. ఇంకా తీరాల్సిన అప్పు 3 కోట్ల 80 లక్షల 40 వేల యెన్లు. తండ్రి చేసి పోయిన అప్పు నెత్తిన పడ్డ డెంజి అనే కుర్రాడు ఈ లెక్కంతా తనలో తాను చెప్పుకుంటాడు. అప్పటికింకా భయపెట్టే డెవిల్ ఒక్కటీ కనిపించలేదు, రక్తం చుక్క రాలలేదు. అయినా చదివేవాడికి కడుపులో దేవినట్టవుతుంది. తత్సుకి ఫుజిమోతో గీసిన ‘చైన్సా మ్యాన్’ హారర్ మాంగా (జపాన్ బొమ్మల కథ) ఎలా అయిందో తెలుసుకోవాలంటే ఈ పద్దునే పట్టుకుని వెళ్లాలి.

మొదటి భాగం 2018 డిసెంబరు నుంచి 2020 డిసెంబరు దాకా ‘వీక్లీ షోనెన్ జంప్’ పత్రికలో వచ్చింది. మొత్తం 97 అధ్యాయాలు, 11 సంపుటాలు. 2022లో మొదలైన రెండో భాగంలో కథా వాతావరణమే మారిపోయింది కాబట్టి దాన్ని ఇక్కడ ముట్టుకోవడం లేదు. మొదటి భాగంలోని కీలక మలుపులు కొన్ని కింద వస్తాయి. ఇంకా చదవనివాళ్లు గమనించగలరు.

డెవిల్ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. జపనీస్‌లో వాడిన మాట ‘అకుమా’. దాన్ని మనం దెయ్యం అనేస్తే కథ తప్పుదారి పడుతుంది. మన దెయ్యం ఒకప్పుడు మనిషి. పగో తీరని కోరికో దాన్ని తిప్పుతుంది, అది తీరితే వెళ్లిపోతుంది. ఇక్కడి డెవిల్ ఎవరి ఆత్మా కాదు. ఒక పేరు వింటే జనానికి ఎంత భయమో ఆ పేరుగల డెవిల్‌కు అంత బలం. టమాటా డెవిల్ కూడా ఉంది, తేలిగ్గానే చస్తుంది. తుపాకీ డెవిల్ 1984లో విరుచుకుపడి లక్షల ప్రాణాలు తీసింది. ఆ తర్వాత దేశాలన్నీ తుపాకుల మీద ఆంక్షలు బిగించి, నేరాలు, విపత్తుల వార్తలను కూడా కట్టడి చేస్తాయి. వార్త చదివినవాడు భయపడతాడు, ఆ భయమే డెవిల్‌కు మేత. జనం భయాన్ని అదుపులో పెట్టడం ఈ లోకంలో ప్రభుత్వం చేయాల్సిన పని అయిపోయింది.

డెంజిని చేర్చుకునే ప్రభుత్వ విభాగం పేరులో ఉన్న ‘కోఆన్’ జపాన్ పాఠకుడికి కొత్త మాట కాదు. టోక్యో మహానగర పోలీసు శాఖలో ఆ పేరుతో నిజంగానే ఒక విభాగం ఉంది. తీవ్రవాదులు, గూఢచారుల మీద నిఘా దాని పని. ఫుజిమోతో ఆ మాటనే తీసుకుని నల్ల సూటు, నల్ల టై తొడిగి డెవిల్ వేటగాళ్ల దళంగా మార్చాడు. ఉద్యోగంలోకి తీసుకుంటూ అధికారిణి మకీమా పెట్టే షరతు కరకుగా ఉంటుంది: మానేసినా, మాట వినకపోయినా డెవిల్‌గా లెక్కగట్టి చంపేస్తారు. డెంజి అడిగేది పొద్దున టిఫిన్‌కు ఏం పెడతారని. వెన్న, జామ్ రాసిన రొట్టె, సలాడ్, కాఫీ, ఆపైన తీపి అని ఆమె చెబుతుంది. ఒక్క రొట్టె ముక్కను పెంపుడు డెవిల్ పోచిటాతో పంచుకుని పడుకున్న కుర్రాడికి అది స్వర్గం. అప్పులవాళ్ల చేతిలోంచి సర్కారు చేతిలోకి మారాడన్న సంగతి వాడికి చాలా కాలం తట్టదు.

కథాకాలం 1997. అసలు చరిత్రలో ఆ ఏడాది నవంబరులోనే యమాయిచి సెక్యూరిటీస్, హొక్కైడో తకుషోకు బ్యాంకు కుప్పకూలాయి. పెద్ద సంస్థలో చేరితే జీవితాంతం ఢోకా లేదన్న జపాన్ మధ్యతరగతి నమ్మకం అప్పుడే బీటలు వారింది. మాంగా ఈ ఊసు ఎత్తదు. అయినా కొబెని అనే అమ్మాయి ఈ వేటగాళ్ల ఉద్యోగంలో ఎందుకు చేరిందో చూడండి. అన్నను యూనివర్సిటీకి పంపడానికి డబ్బు కావాలి. ఒళ్లమ్ముకోవడమా, డెవిల్ వేటా అని ఇంట్లోవాళ్లు ఆమె ముందు రెండే దారులు పెట్టారు.

ఇక్కడ పోరాటానికి ఒప్పందమే ఆయుధం. వేటగాడు ఒక డెవిల్‌తో బేరం కుదుర్చుకుని, దాని శక్తిని అరువు తెచ్చుకుని, ఒంటితో చెల్లిస్తాడు. ఘోస్ట్ డెవిల్ కుడి చేతి సాయం కోసం హిమెనో అనే వేటగత్తె తన కుడి కన్ను ఇచ్చేసింది. ఆమె సహచరుడు అకి హయకావా నక్క డెవిల్‌ను పిలిచిన ప్రతిసారీ తన ఒంట్లోంచి కొంత ముట్టజెప్పాలి. మేకు ఆకారంలో ఉన్న కత్తితో కర్స్ డెవిల్‌ను వాడితే ఆయుష్షులోంచే కోత. కటానా మ్యాన్ అనే శత్రువు మీద దాన్ని వాడాక అతనికి మిగిలింది రెండేళ్లని తేలుతుంది. ఆ గొడవలోనే హిమెనో తన సర్వస్వాన్నీ పణంగా పెడుతుంది. ఒళ్లు కొంచెం కొంచెంగా మాయమై చివరికి బట్టలే మిగులుతాయి. మామూలు యాక్షన్ కథల్లో దెబ్బ తిన్న కొద్దీ వీరుడికి బలం పెరుగుతుంది. ఇక్కడ గెలిచిన ప్రతిసారీ మనిషి కొంత తరిగిపోతాడు.

ఈ లెక్క తారస్థాయికి చేరేది క్యోటో ఘట్టంలో, అనిమేలో (మాంగా ఆధారంగా తీసిన యానిమేషన్ సిరీస్‌లో) అది తొమ్మిదో ఎపిసోడ్. రైల్లో మకీమాను తుపాకీతో కాల్చేస్తారు. అయినా నెత్తుటి బట్టలతోనే క్యోటోలో దిగి రెండు కోరుతుంది: వీలైనంత ఎత్తులో ఉన్న గుడి, న్యాయశాఖ నుంచి యావజ్జీవమో అంతకు మించిన శిక్షో పడ్డ 30 మంది ఖైదీలు. కళ్లకు గంతలు కట్టిన ఖైదీలను కూర్చోబెడతారు. ఒక్కొక్కరితో ఒక్కో పేరు పలికిస్తుంది, రెండు అరచేతులూ కలిపి నొక్కుతుంది. ఎక్కడో టోక్యోలో ఆ పేరుగల మనిషి నుజ్జవుతాడు. ఇక్కడ పేరు పలికిన ఖైదీ ఒరిగిపోతాడు. అరుపులు, కేకలు లేవు, ఆఫీసులో ఫైలు కదిలినంత మామూలుగా జరిగిపోతుంది. ఆమెకు సాక్షాత్తూ ప్రధానమంత్రితోనే ఒప్పందం ఉందని తర్వాత బయటపడుతుంది: ఆమె మీద పడే ప్రతి దెబ్బా ఎవరో ఒక జపాన్ పౌరుడికి జబ్బుగానో ప్రమాదంగానో మళ్లిపోతుంది. కుటుంబం కొబెనికి చేసిందే రాజ్యం తన పౌరులకు చేస్తోంది.

2022 అక్టోబరు, డిసెంబరు మధ్య వచ్చిన 12 ఎపిసోడ్ల అనిమేను మప్పా స్టూడియో పూర్తిగా తన డబ్బుతోనే తీసింది. ఇది అరుదు. మామూలుగా ప్రచురణకర్త, టీవీ చానెల్, మ్యూజిక్ కంపెనీ తలా కొంత వేసి కమిటీగా ఏర్పడతారు. నష్టం పంచుకుంటారు, మాట కూడా పంచుకుంటారు. కమిటీ లేకపోవడంతో దర్శకుడు రియూ నకయామకు స్వేచ్ఛ దొరికింది. ఆయన దాన్ని మనుషులతో తీసిన సినిమాలా మలచడానికి వాడుకున్నాడు: గొంతు తగ్గించిన సంభాషణలు, వెలిసిన రంగులు, నిదానంగా సాగే షాట్లు.

నాలుగో ఎపిసోడ్‌లో అకి పొద్దున్నే లేచి కాఫీ గింజలు మర పట్టి, డికాక్షన్ దించుకుని తాగే దృశ్యం ఆ పద్ధతికి మంచి ఉదాహరణ. మాటల్లేవు, కథ ముందుకు కదలదు. అయినా అది వృథా కాదు. కొన్ని ఎపిసోడ్ల తర్వాత అతనికి రెండేళ్లే ఉన్నాయని తెలిసినప్పుడు, ఇలాంటి పొద్దులు ఇంకెన్ని మిగిలాయో మనకు తెలియకుండానే లెక్కపెడతాం. దెబ్బతిన్నది హాస్యం, వేగం. ఫుజిమోతో ఒకే సైజు గడులను వరసగా పేర్చి, పేజీ తిప్పగానే నవ్వో చావో ముఖాన కొడతాడు. నిదానమైన కెమెరాకు ఆ చెంపదెబ్బ చేతకాదు. డెంజి వెర్రి అరుపులు కూడా అణిగిపోయాయి. జపాన్ అభిమానుల్లో చాలామంది ఫిర్యాదు ఇదే, అందులో న్యాయముంది.

2025 సెప్టెంబరు 19న జపాన్‌లో విడుదలైన రెజె అనే అమ్మాయి ఘట్టం సినిమాకు దర్శకుడు మారాడు. టీవీ సిరీస్‌లో యాక్షన్ చూసుకున్న తత్సుయా యోషిహారా పగ్గాలు తీసుకోగానే గీత మాంగాకు దగ్గరైంది, రంగులు చిక్కబడ్డాయి. రెజెది కూడా ఇదే పద్దులో ఇంకో పేజీ: సోవియట్ ప్రభుత్వం చిన్నప్పటి నుంచి ఆయుధంగా పెంచిన పిల్ల. మాంగాలో ఈ కథ ఐదు, ఆరు సంపుటాల్లో ఉంటుంది. సినిమా చూసి ఆగలేనివాళ్లు ఏడో సంపుటం అందుకుంటే కథ తెగదు. టీవీ ఎపిసోడ్లు దాటేసి నేరుగా సినిమాకు వెళితే మాత్రం మకీమా అంటే ఎందుకు వణకాలో అర్థం కాదు.

మిగిలిన ఘట్టాల్లో తెరకెక్కించడానికి అన్నిటికన్నా కష్టమైనవి రెండు. ఒకటి నరకంలోని వ్యోమగాములు: నడుముకు రెండుగా తెగి, చేతులు జోడించి వరసలో నిలబడి ఉంటారు. దాన్ని కదలని బొమ్మగానే ఉంచేస్తే చాలు. రెండోది తుపాకీ డెవిల్ మళ్లీ వచ్చినప్పుడు వరసగా వచ్చే పేజీలు. వాటిలో బొమ్మకన్నా ఎక్కువగా ఉండేది చనిపోయినవాళ్ల పేర్లు, చిన్న అక్షరాల్లో, కిక్కిరిసి. కాగితం మీద పాఠకుడు కొన్ని చదువుతాడు, కొన్ని వదిలేస్తాడు, వదిలేసినందుకు మనసు పీకి మళ్లీ వెనక్కి వస్తాడు. తెర మీద ఆ పేర్లు ఎన్ని క్షణాలు నిలవాలో దర్శకుడే తేల్చాలి.