ఉద్దానానికి ఆసుపత్రి వచ్చింది, రెండో పరీక్ష ఇంకా ఊరికి రావాలి

శ్రీకాకుళం జిల్లా తీరాన, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం ఉద్దానం. దాని కోసం పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. హిరమండలం నుంచి వంశధార నీళ్లు ఉద్దానానికి పైపుల్లో వచ్చాయి. రెండూ కావలసినవే. కానీ డయాలసిస్‌కు వెళ్లేసరికే కిడ్నీలు దాదాపు పాడైపోయి ఉంటాయి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు పల్లెల్లో మనిషిని అంతదాకా పోనీయకుండా ఆపాల్సింది ఊరి ఆరోగ్య కేంద్రమే.

ఇక్కడి జబ్బుకు కారణం ఇంకా తేలలేదు, తీరు మాత్రం తెలుసు. షుగరు వల్ల కిడ్నీ దెబ్బతింటే మూత్రంలో ప్రొటీన్ ముందే కనిపిస్తుంది. ఉద్దానం రోగుల్లో చాలామందికి తొలిదశలో షుగరు ఉండదు, బీపీ పెరగదు, ప్రొటీన్ కూడా అంతంతమాత్రమే. కాబట్టి బీపీ, షుగరు చూసి, మూత్రంలో స్ట్రిప్ ముంచి ‘బాగానే ఉంది’ అని పంపేస్తే అది ప్రమాదకరమైన భరోసా. కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం క్రియాటినిన్ రక్తంలో ఎంతుందో చూడాల్సిందే.

అదీ పద్ధతిగా చూడాలి. ఎండలో పనిచేసి వచ్చిన సాయంత్రం, లేదా చేపలైనా మాంసమైనా తిన్న వెంటనే రక్తం తీస్తే అంకె పెరిగి కనిపిస్తుంది. ఉదయం, పనికి వెళ్లకముందు తీయాలి. అరగంట గడ్డకట్టనిచ్చి, సీరం అనే తేట ద్రవాన్ని వేరుచేసి, చల్లగా ల్యాబుకు పంపాలి. వేడెక్కిన వ్యానులో గంటల తరబడి ఉంచిన నమూనాను నమ్మలేం. క్రియాటినిన్ అంకె ఒక్కటే రాసిచ్చినా చాలదు. అదే 1.5 ఉంటే, 45 ఏళ్ల మగవారిలో కిడ్నీ వడపోత అంచనా (ఈజీఎఫ్‌ఆర్) 58 దగ్గర, అదే వయసు ఆడవారిలో 44 దగ్గర ఉంటుంది. ఈ వడపోత అంకె 60 లోపు ఉంటే మూడు నెలలకు మళ్లీ చూడాలి. అప్పుడూ తక్కువగానే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు.

ఊళ్లలో పెట్టే పరీక్షా శిబిరాలు దెబ్బతినేది సరిగ్గా ఈ రెండో పరీక్ష దగ్గరే. మొదటిసారి వచ్చిన మనిషి మూడు నెలలకు హైదరాబాద్‌లో కూలి పనిలోనో, గుజరాత్ పడవ మీదో ఉంటాడు. ఆశా కార్యకర్త దగ్గర పేర్ల జాబితా ఉండి, సంక్రాంతికి ఊరొచ్చిన వాళ్లను ఆ వారంలోనే పిలిచి రక్తం తీయిస్తే సగం పని అయినట్టే. అదే జాబితా ఆర్‌ఎంపీల దగ్గరా ఉండాలి. ఒళ్లు నొప్పులకు వాళ్లిచ్చే డైక్లోఫెనాక్ దెబ్బతిన్న కిడ్నీని ఇంకా తొందరగా ముంచుతుంది. పారాసిటమాల్‌తో సరిపెట్టాలి.

శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతులదీ, నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలదీ ఇలాంటి బాధే. చెరకు తోటల్లో మంచినీళ్లు ఇచ్చి ఊరుకోలేదు. కదిలించగల నీడ డేరాలు వేశారు, విరామాలకు వేళలు పెట్టారు. నికరాగ్వాలో విరామం పెంచాక కోత కూలీల్లో కిడ్నీ దెబ్బ తగ్గింది. ఉద్దానంలో ఎండే కారణమని దీంతో రుజువు కాదు. అయినా జీడితోటలో, కొబ్బరితోటలో మధ్యాహ్నం పని ఆపించడానికి రుజువు దాకా ఆగనక్కర్లేదు. ఉపాధి పనులు జరిగే చోట తాగునీరు, విశ్రాంతికి నీడ ఉండాలని 2005 ఉపాధి హామీ చట్టమే రాసింది. మస్టరు వేసే మనిషే రోజూ ఆ రెండూ చూసి సంతకం పెట్టాలి. జబ్బు ముదిరిన వారికి మాత్రం ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరే చెప్పాలి.