సవరణ: జయీద్, కసుమి గురించి

మాస్ ఎఫెక్ట్ 2 అనే వీడియో గేమ్‌లో హీరో వెంట పోరాడే సహచరుల మీద నిన్న రాసిన పోస్టులో జయీద్, కసుమి ఇద్దరినీ విడిగా డబ్బు పెట్టి కొనుక్కోవాల్సి వచ్చేదని రాశాను. జయీద్ విషయంలో అది తప్పు.

2010 జనవరిలో గేమ్ విడుదలైన రోజు నుంచే జయీద్ ఉన్నాడు. కొత్త కాపీతో పాటు సెర్బరస్ నెట్‌వర్క్ (గేమ్‌కి అదనపు భాగాలు ఇచ్చే ఆన్‌లైన్ సేవ) కోడ్ వచ్చేది, అది వాడితే అతను ఉచితం. సెకండ్ హ్యాండ్ డిస్క్ కొన్నవాళ్లు మాత్రం ఆ కోడ్‌కి డబ్బు కట్టాల్సి వచ్చేది. అంటే అతన్ని పెట్టింది కొత్త కాపీలే కొనిపించడానికి. కసుమి సంగతి వేరు: ఏప్రిల్‌లో వచ్చింది, ఆమెను కొనుక్కోవాల్సి వచ్చేది. ఈ తేడా అప్పటి విడుదల ప్రకటనల్లోనే స్పష్టంగా ఉంది. చూసుకోకుండా రాయడం నా పొరపాటు.

మరో ఇద్దరు సహచరులు గారస్, టాలీలకు కూడా డబ్బు కట్టాలా అని కొందరు అడిగారు. అక్కర్లేదు, వాళ్లు అసలు గేమ్‌లోనే ఉన్నారు.

గేమ్‌లోని అంతరిక్ష ఓడలో జయీద్, కసుమిలతో మిగతావాళ్లతో లాగా కూర్చుని మాట్లాడే వీలు లేదని రాసిన మాట మాత్రం నిజమే. కసుమి లాంటి మంచి పాత్రకు అది పెద్ద లోటని ఇప్పటికీ అనుకుంటున్నాను. 2021లో మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేసిన లెజెండరీ ఎడిషన్‌లో ఇద్దరూ గేమ్‌తోనే వస్తారు.