ప్రశ్న అడగరు, రిబ్బను మాత్రం కడతారు

అక్టోబరు వచ్చిందంటే విశాఖ బీచ్ రోడ్డుకు గులాబీ రంగు వస్తుంది. తెల్లవారకముందే టీషర్టులు పంచుతారు, పెద్దలు జెండా ఊపుతారు, రొమ్ము క్యాన్సర్‌పై అవగాహన కలిగిందని అందరూ ఇళ్లకు వెళతారు. ఇదే నగరంలో, రొమ్ములో గడ్డ తగులుతోందని ఒక ఆసుపత్రికి వెళ్లిన 27 ఏళ్ల యువతిని ‘ఈ వయసులో అలాంటివి రావమ్మా, పాలగడ్డ అయి ఉంటుంది’ అని రెండుసార్లు తిప్పి పంపారు. ఆమె ఓపీ చీటీని మేము చూశాం. వయసు, బరువు, బీపీ, నొప్పి మాత్ర అన్నీ ఉన్నాయి. తల్లి, పెద్దమ్మ ఇద్దరూ నలభై దాటకుండానే ఇదే జబ్బుతో పోయారన్న మాట మాత్రం లేదు. అడగలేదు గనుక ఆమె చెప్పలేదు. నెలలు గడిచాక మరోచోట బయాప్సీ చేసేసరికి జబ్బు చంకలోని గ్రంథులకు పాకింది.

వంశపారంపర్యంగా వచ్చేవి మొత్తం రొమ్ము క్యాన్సర్లలో నూటికి 5 నుంచి 10 మాత్రమే. అయితే ఆ కుటుంబాలలో అది ముప్పై నిండేదాకా ఆగకపోవచ్చు. లోపముంటే ఈ జబ్బు ముప్పును పెంచే బీఆర్‌సీఏ 1 జన్యువును 1994లో, బీఆర్‌సీఏ 2ను 1995లో గుర్తించారు. వీటిలో లోపమున్న స్త్రీలలో నూటికి 70 మందికి 80 ఏళ్లలోపు ఈ జబ్బు వచ్చే అవకాశముంది. చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్‌రేలో) గడ్డ మరుగున పడుతుంది గనుక, ఈ లోపమున్న వారికి 25వ ఏటి నుంచే ఏటా ఎంఆర్ఐ చేయాలని అమెరికా మార్గదర్శకాలు చెబుతున్నాయి. టీపీ 53 అనే మరో జన్యువులో లోపంతో వచ్చి, చిన్న వయసులోనే పలు క్యాన్సర్లకు దారితీసే లి-ఫ్రామెని సిండ్రోమ్‌లోనైతే 20వ ఏటి నుంచే మొదలుపెట్టాలి. వారికి ఎక్స్‌రేలోని రేడియేషనే ఒక ముప్పు, ఎంఆర్ఐలో అది ఉండదు. పైగా ఈ లోపం తల్లి నుంచి ఎంతగా వస్తుందో తండ్రి నుంచీ అంతే వస్తుంది. అయినా మేనత్త సంగతి, నాయనమ్మ సంగతి అడిగే వైద్యులు ఎందరు?

మన జాతీయ కార్యక్రమం 30 దాటిన స్త్రీలకు రొమ్ము పరీక్ష చేయమంటుంది. జనం మొత్తానికి పెట్టిన ఆ గీతను, గడ్డతో వచ్చిన పిల్లను గుమ్మం నుంచే పంపేయడానికి వాడుకోవడం ఏ వైద్యం? వేదికపై ‘ముందుగా గుర్తించండి’ అనడం, ముందుగా వచ్చిన వారిని వయసు చూసి వెనక్కి పంపడం, ఈ రెండూ ఒకే నోట ఎలా వస్తున్నాయి?

ఎంఆర్ఐ ఖరీదైనదని, లేనిపోని భయం పుడుతుందని వాదించేవారున్నారు. ఖర్చు మాట నిజమే. కానీ అందరికీ చేయమని ఎవరూ కోరడం లేదు. ఎవరికి చేయాలో తేల్చే మొదటి జల్లెడ ఒక ప్రశ్న. దానికి పైసా ఖర్చు లేదు. ఆ ప్రశ్న అడిగాక పంపడానికి చోటు లేదందామా అంటే, అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రే ఉంది. సంబంధాలు తప్పిపోతాయని ఇంటి జబ్బును ఆడపిల్లకే చెప్పకుండా దాచే పెద్దలదీ ఇందులో తప్పుంది. అయితే వారిది భయం. తెలిసీ అడగని వైద్యులది నిర్లక్ష్యం.

వచ్చే అక్టోబరులో జెండా ఊపబోయే ఆసుపత్రుల పెద్దలు బీచ్‌కు బయలుదేరే ముందు తమ ఓపీ చీటీని ఒకసారి తిరగేయాలి. అమ్మవైపు ఎవరికి, నాన్నవైపు ఎవరికి, ఏ వయసులో అని రాసే గడి అందులో లేకపోతే, ఆ ఏటి టీషర్టుల డబ్బు చీటీల అచ్చుకు ఇచ్చి ఇంటి దగ్గరే ఉండండి.