ఓటమి దాతలకు గుర్తింపు ఎప్పుడు?

రక్తం ఇచ్చినవాడికి ధ్రువపత్రం ఇస్తారు. నిధులు ఇచ్చినవాడి పేరు శిలాఫలకం మీద చెక్కుతారు. రాత్రనక పగలనక ఆన్‌లైన్ ఆటల్లో పాయింట్లు ధారపోస్తున్నవాడికి మాత్రం ‘గేమ్ అన్‌ఇన్‌స్టాల్ చేసుకో’ అని చాట్‌లో ఒక ఆశీర్వచనం, అదీ జట్టులోని సొంతవాళ్ళ నుంచే దక్కుతుంది. ఈ అన్యాయాన్ని సమాజం దృష్టికి తేవడం నా బాధ్యత. ర్యాంక్ పట్టికలో నా స్థానం రీత్యా ఆ అర్హత నాకు నిండుగా ఉంది.

ఇది ఉక్రోషంతో అంటున్న మాట కాదు, లెక్క. చదరంగం ఆటగాళ్ళ బలాన్ని అంకెల్లో కొలవడానికి ఆర్పాడ్ ఎలో అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు ఒక పద్ధతి తయారుచేశారు. దాన్ని 1960లో అమెరికా చదరంగ సమాఖ్య, 1970లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే తీసుకున్నాయి. నేటి వీడియో గేముల ర్యాంకింగులు చాలావరకు ఆ వంశంలో పుట్టినవే. దాని మూల సూత్రం ప్రకారం, గెలిచినవాడికి ఎన్ని పాయింట్లు చేరతాయో ఓడినవాడికి అన్నే పోతాయి. గాల్లోంచి పాయింట్లు పుట్టవు. అంటే శిఖరం మీద కూర్చున్న మహావీరుడి దగ్గరున్న ప్రతి పాయింటూ ఎప్పుడో ఒకప్పుడు నాలాంటి ఒకడి జేబులోంచి బయల్దేరి, చేతులు మారుతూ పైకి వెళ్ళిందే. 2019లో జరిగిన ఫోర్ట్‌నైట్ అనే వీడియో గేమ్ ప్రపంచ కప్‌లో 16 ఏళ్ళ కుర్రాడు ఒంటరి పోటీ గెలిచి 30 లక్షల డాలర్లు తీసుకున్నాడు. సంతోషమే. అలాంటి వేదికల మీద ‘ఈ విజయానికి సహకరించిన పరాజితులకు కృతజ్ఞతలు’ అని ఒక్క ముక్క చదివితే ఎవరి సొమ్మేం పోతుంది?

మాకు జరిగే మర్యాద ఎలాంటిదో చూడండి. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఆన్‌లైన్ ఆటలో ఒకప్పుడు ర్యాంకుల్లో అట్టడుగు మెట్టు బ్రాంజ్. 2019 సీజన్‌కు పైన గ్రాండ్‌మాస్టర్ అనే అంతస్తు వేసి, అదే ఊపులో బ్రాంజ్ కింద ఐరన్ పేరుతో ఒక నేలమాళిగ తవ్వారు. మరుసటి ఏడాది వచ్చిన వాలరంట్ అనే తుపాకీల ఆట అయితే పుట్టుకతోనే ఐరన్‌తో మొదలై రేడియంట్ దాకా వెళ్ళింది. పైవాళ్ళకు వెలుగు, కిందివాళ్ళకు తుప్పు పట్టే లోహం. ఇందులో ఏ దురుద్దేశమూ లేదని నమ్మడానికి ప్రయత్నిస్తున్నాను.

ఇక ఎవరికి ఎవరితో పోటీ పెట్టాలో తేల్చే మ్యాచ్‌మేకింగ్ అనే దేవత సంగతి. ఆమె దృష్టిలో ఆదర్శ ఆటగాడు సగం ఆటలు గెలిచి సగం ఓడేవాడు. వరసగా కొన్ని గెలిచామా, ‘వీడికి ఆట వచ్చినట్టుంది’ అని పొరబడి మనల్ని పెద్ద మృగాల బోనులోకి తోస్తుంది. మళ్ళీ ఓడి యథాస్థానానికి వచ్చాక గానీ ఆమెకు శాంతి ఉండదు. పేరుకు తెర మీద ఒక ర్యాంక్ కనిపిస్తుంది గానీ, మన బలానికి ఆట వేసుకున్న లెక్క, ఎంఎంఆర్ అనే అసలు అంకె, చాలా ఆటల్లో దాని వెనక దాగి ఉంటుంది. మన గురించి ఏమనుకుంటున్నారో మనకు చెప్పరన్నమాట. దయ అనుకోవాలి.

అన్నిటికన్నా ఘోరం స్మర్ఫ్‌లు, అంటే మారుపేరుతో ఖాతా తెరిచి మాలాంటి కిందివాళ్ళ మీదకు వచ్చే మొనగాళ్ళు. 1996 ప్రాంతంలో వార్‌క్రాఫ్ట్ 2 ఆడే ఇద్దరు ఘనులు, తమ పేరు చూడగానే జనం తప్పుకుంటున్నారని, కార్టూన్ స్మర్ఫుల పేర్లు పెట్టుకుని మారువేషంలో దిగారట. ఆ సంప్రదాయం ఇప్పుడు మహావృక్షమైంది. పాండవులు కూడా అజ్ఞాతవాసం చేశారు. కానీ విరాటుడి కొలువులో బుద్ధిగా వంట చేశారు, గుర్రాలు కాశారు, నాట్యం నేర్పారు. ఈ స్మర్ఫ్ గారు అజ్ఞాతవాసానికి వచ్చి వంటవాళ్ళ మీదే గాండీవం ఎక్కుపెడతాడు. పైగా పోతూ పోతూ ‘ఈజీ’ అని రాసి వెళ్తాడు. ఈజీ కాక మరేమవుతుంది నాయనా?

కొందరు విమర్శకులు మా నైపుణ్యాన్ని శంకిస్తారు. వారికి శాస్త్రమే సమాధానం. కంటికి కనిపించినదానికి చెయ్యి స్పందించడానికి మామూలు మనిషికి సుమారు పావు సెకను పడుతుంది. దీనికి పింగ్ అనే నెట్ ఆలస్యం తోడవుతుంది. తుపాకీల ఆటల్లో మూల దాటి దూసుకొచ్చేవాడు నన్ను తన తెర మీద ముందే చూస్తాడు, అతని రాక నా తెరకు కాస్త ఆలస్యంగా చేరుతుంది. దీన్ని పీకర్స్ అడ్వాంటేజ్ అంటారు. మూలలో నక్కి కూర్చుని కూడా చచ్చేవాడికి ఏ అడ్వాంటేజ్ ఉందో ఎవరూ చెప్పలేదు. ‘ఆడలేక మద్దెల ఓడు’ అని వెక్కిరించేవాళ్ళను ఒకటే అడుగుతున్నాను: ఆ సామెత పుట్టిన రోజున మద్దెలను ఎవరైనా పరీక్షించారా? నా పింగ్‌ను పరీక్షించండి. (పింగ్ బాగున్న రోజుల్లో తప్పు మౌస్‌ది. అది వేరే వ్యాసం.)

దిద్దుకునే ప్రయత్నం చేయలేదని కూడా అనలేరు. మేటి ఆటగాళ్ళ మౌస్ సెన్సిటివిటీ సెట్టింగులు అంకెతో సహా కాపీ కొట్టాం. తుపాకీకి డ్రాగన్ స్కిన్ అనే పైపై అలంకారం తొడిగాం. డ్రాగన్ తుపాకీలోంచి వచ్చిన గుళ్ళు కూడా ఎదుటివాడి పక్క గోడకే తగులుతున్నాయి, కాకపోతే ఇప్పుడు చూడముచ్చటగా తగులుతున్నాయి. ఒక గన్ చేతికి అలవాటయ్యేసరికి ఆటను మార్చే కొత్త ప్యాచ్ వచ్చి దాన్ని నెర్ఫ్ చేస్తుంది, అంటే దాని బలం తగ్గిస్తుంది. వాయిస్ చాట్‌లో గొంతు ఇంకా మారని ఒక జట్టు నాయకుడు, ‘అంకుల్, మీరు ఏమీ చేయకండి, అక్కడే కూర్చోండి చాలు’ అని వ్యూహం చెబుతాడు. చెప్పింది తు.చ. తప్పకుండా పాటిస్తాం. అయినా ఎవరో వచ్చి కాల్చిపోతారు.

కాబట్టి మా డిమాండ్లు న్యాయమైనవి. ఓడిన ప్రతి మ్యాచ్‌కు కృతజ్ఞతా పత్రం ఇవ్వాలి. మేం ఎలా చచ్చామో చచ్చాక తిరిగి చూపించే కిల్‌క్యామ్‌లో మా ముఖం కనపడకుండా మసక చేయాలి. సుదీర్ఘకాలం ఐరన్‌లో సేవలందించినవారికి గౌరవ గోల్డ్ హోదా ఇవ్వాలి, అది వాడుకుని ఎవరితోనూ తలపడబోమని రాసిస్తాం.

వినకపోతే సమ్మె తప్పదు. ఐరన్ వాళ్ళందరం ఒక రోజు లాగిన్ కావడం మానేస్తే, ఆ రోజు బ్రాంజ్ వాడే అట్టడుగు. మా విలువ అప్పుడు తెలుస్తుంది. ఆచరణలో ఒక్కటే చిక్కు ఉంది. సమ్మె తేదీ ప్రకటించగానే మాలో ప్రతి ఒక్కడికీ ఒకే ఆలోచన వస్తుంది: మిగతావాళ్ళెవరూ రారు, పైకి ఎక్కడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదు. ఆ రోజు సర్వర్లు తట్టుకోవడం కష్టం.