ఫోన్‌లో ఉంది కదా అని ఈమెయిల్ తీసేసుకుంటారా?

టార్చిలైట్ యాప్‌కి మన ఈమెయిల్‌తో ఏం పని? ఒకప్పుడు ఈ ప్రశ్న వేసే అవకాశమే ఉండేది కాదు. 2015లో ఆండ్రాయిడ్ 6.0 రాకముందు యాప్ వేసుకునేటప్పుడే పర్మిషన్ల జాబితా ఒకటి కనిపించేది, ఒప్పుకుంటే అన్నీ ఒప్పుకున్నట్టు, లేకపోతే యాప్ లేదు. అందులో 'గెట్ అకౌంట్స్' అనేది ఉంటే చాలు, ఫోన్‌లోని గూగుల్ ఖాతాల పేర్లు, అంటే మన ఈమెయిల్ అడ్రసులే, మనం ఒక్క అక్షరం టైప్ చేయకుండానే యాప్ చేతికి వెళ్లిపోయేవి.

6.0 నుంచి యాప్ వాడేటప్పుడు అడగడం మొదలైంది, కానీ ఆ పర్మిషన్‌ను కాంటాక్ట్స్ గుంపులో పెట్టారు. దాంతో ఈమెయిల్ కోసం యాప్ అడిగితే, తెరమీద మాత్రం మీ కాంటాక్ట్స్ చూడనివ్వాలా అన్న ప్రశ్న కనిపించేది. ఏం అడుగుతున్నారో తెలియకుండా చెప్పే 'అవును'ని అంగీకారం అని మేము అనుకోవడం లేదు. 2017లో వచ్చిన 8.0కి తగ్గట్టు రాసిన యాప్‌లకు ఆ పర్మిషన్ ఒక్కటే సరిపోదు, ఖాతాల జాబితా చూపించి మనచేతే ఎంచుకోనివ్వాలి. ఇది సరైన పద్ధతి. ఐఫోన్‌లోనూ బయటి యాప్ మన ఈమెయిల్ కావాలంటే మనల్ని అడగాల్సిందే.

అడ్రస్ ఒక్కటే కదా, లోపలి ఉత్తరాలు చదవడం లేదుగా అని కొందరు డెవలపర్లు అంటారు. నిజమే, ఆ రెండూ వేరు. కానీ అడ్రస్ చిన్న విషయం కాదు. ఫోన్‌లోని యాడ్ ఐడీని, అంటే ప్రకటనల కోసం ఫోన్‌కు ఇచ్చే గుర్తును, మనం రీసెట్ చేసుకోవచ్చు, ఈమెయిల్‌ను అంత తేలిగ్గా మార్చలేం, ఏళ్ల తరబడి ఒకటే వాడతాం, బ్యాంకుకీ ఆస్పత్రికీ అదే ఇస్తాం, మిగతా ఖాతాల పాస్‌వర్డ్ మర్చిపోతే లింక్ వచ్చేదీ దానికే. హ్యాష్ చేసి, అంటే అడ్రస్‌ను చదవలేని అక్షరాల వరుసగా మార్చి ఇస్తున్నాం, భయం లేదు అనే మాట కూడా మమ్మల్ని ఒప్పించదు: ఒకే అడ్రస్‌ను ఒకే పద్ధతిలో హ్యాష్ చేస్తే ఎక్కడైనా అదే హ్యాష్ వస్తుంది, రెండు కంపెనీలు తమ జాబితాలు పక్కపక్కన పెట్టుకుంటే ఇద్దరి దగ్గరా ఉన్న మనిషి ఎవరో తేలిపోతుంది. ప్రకటనల వ్యాపారం నడిచేదే ఈ పోలికల మీద.

కాబట్టి యాప్ రాసేవాళ్లకు మేము సూటిగా చెప్పేది ఒకటే. ఈమెయిల్ నిజంగా అవసరమైన చోట, ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పి అడగండి. రసీదు పంపాలా, ఖాతా తిరిగి తెరవాలా, అప్పుడు అడగండి. యాప్ తెరవగానే, ఏముందో చూడనివ్వకుండానే లాగిన్ గోడ కట్టకండి. ఇవ్వను అంటే యాప్ ఆగిపోకూడదు కూడా. ఫేస్‌బుక్ లాగిన్‌లో ఈమెయిల్ ఇవ్వకుండా వదిలేయొచ్చు, ఫోన్ నంబర్‌తో తెరిచిన కొన్ని ఖాతాలకు అసలు ఈమెయిలే ఉండదు. ఆపిల్ 2019లో తెచ్చిన లాగిన్‌లో అసలు అడ్రస్ దాచి, దాని బదులు వేరే అడ్రస్ ఇచ్చే వీలుంది. ఆ అడ్రస్‌ను దొంగ అడ్రస్ అని తిరస్కరించే యాప్‌లంటే మాకు కోపం, ఎందుకంటే ఆ మనిషి తన హక్కునే వాడుకున్నాడు.

ఇంకో సంగతి, ఇది భద్రతకు సంబంధించింది. ఫోన్ నుంచి వచ్చిన ఈమెయిల్‌ను సర్వర్ అలాగే నమ్మేస్తే, ఎవరైనా పక్కవాళ్ల అడ్రస్ పంపి వాళ్ల ఖాతాలోకి దూరిపోవచ్చు. గూగుల్ లాగిన్‌లో వచ్చే ఐడీ టోకెన్‌ను, అంటే లాగిన్ అయింది ఎవరో గూగుల్ సంతకంతో చెప్పే చీటీని, సర్వర్ తనిఖీ చేసి, అందులోని 'సబ్' అనే మారని గుర్తుతో ఖాతాను కలపాలి, ఈమెయిల్‌తో కాదు. గూగుల్ తన డెవలపర్లకు చెప్పేదీ ఇదే. ఇలా చేస్తే రేపు మనిషి ఈమెయిల్ మార్చుకున్నా అతని ఖాతా అతనికే ఉంటుంది.

వాడేవాళ్లకు కూడా ఒక మాట. మీ గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లో, మీరు ఏయే యాప్‌లకు దారి ఇచ్చారో ఒక జాబితా ఉంటుంది, ఇవాళే ఒకసారి తెరిచి చూడండి, ఎప్పుడో వదిలేసిన యాప్‌లు అందులో కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అక్కడ తీసేస్తే ఇకపై దారి మూసుకుంటుంది, కానీ ఇప్పటికే ఇచ్చిన ఈమెయిల్ వాళ్ల సర్వర్‌లో అలాగే ఉండొచ్చు. ఫోన్‌లోంచి యాప్ తీసేసినా అంతే. 2022 జూన్ 30 నుంచి ఆపిల్, ఖాతా తెరవనిచ్చే యాప్ ఆ ఖాతాను యాప్‌లోనే డిలీట్ చేయనివ్వాలని షరతు పెట్టింది. అందుకని ముందు ఖాతా డిలీట్ చేయండి, యాప్ ఆ తర్వాత తీసేయొచ్చు.